కరెంటు పెట్టించినా అమ్మ భుజం ఎందుకు లేవడం లేదు?

మీరు అడిగింది ఇదీ: అమ్మగారికి 52 ఏళ్లు, షుగర్ ఉంది, పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తారు. కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం లేదు. ఎక్స్‌రేలో ఏమీ లేదని చెప్పి ఎముకల డాక్టరు ఫిజియోథెరపీ రాశారు. పది సిట్టింగులు ప్యాడ్లు అంటించి మిషనుతో కరెంటు పెట్టించారు. పెట్టించిన పూట హాయిగా ఉంటుంది, మర్నాటికి మళ్లీ మామూలే. ఇక మానేసి, నూనె రాసి చెయ్యి లాగే ఆయన దగ్గరికి తీసుకెళ్లాలా అని.

నేను డాక్టర్ని కాను. ఆముదాలవలస వైపు హైస్కూల్లో లెక్కల మాష్టార్ని. షుగర్ ఉంది, ఈ జబ్బ నొప్పి కూడా పడ్డాను. బోర్డు పై సగం వాడడం మానేశాను, వెనక జేబులో పర్సు ముందు జేబులోకి వచ్చింది, రాత్రి ఆ వైపు తిరిగి పడుకుంటే ప్రాణం పోయేది. ఆ అనుభవంతో చెప్తున్నా, ఫిజియో మానొద్దు. ఆ సెంటర్ని మాత్రం మార్చాల్సి రావచ్చు. ఎందుకంటే మీరు రాసినదాంట్లో కరెంటు మాటే ఉంది. ఎవరైనా చెయ్యి పట్టుకుని కదిపించారనో, ఇంట్లో చెయ్యమని ఏదైనా నేర్పారనో ఎక్కడా లేదు.

ఇది ఫ్రోజెన్ షోల్డర్ అయి ఉండొచ్చు. డాక్టరు పేరు చెప్పకపోయినా చీటీ మీద రాసి ఉంటారు, చూడండి. భుజం కీలు చుట్టూ ఒక సంచి లాంటి పొర ఉంటుంది. అది వాచి, మందమెక్కి, ఉతికితే కుంచించుకుపోయిన చొక్కాలా బిగుసుకుంటుంది. ఎముక బాగానే ఉంటుంది కాబట్టి ఎక్స్‌రేలో తేడా కనపడదు. ఆ పేరు పెట్టింది అమెరికా సర్జన్ కోడ్‌మన్, 1934లో. 40 నుంచి 60 ఏళ్ల మధ్య వాళ్లకు, అందులోనూ ఆడవాళ్లకు ఎక్కువ. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకు మరీ ఎక్కువ. నన్ను చూసిన డాక్టరు ముందు నన్నే చెయ్యి ఎత్తమన్నారు, లేవలేదు. తర్వాత తనే పట్టుకుని ఎత్తబోయారు, అప్పుడూ లేవలేదు. అసలు గుర్తు అదేనట. కండర బంధనం (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటిది) తెగితే మనం ఎత్తలేకపోయినా పక్కవాళ్లు ఎత్తితే చాలావరకు లేస్తుంది. ఇందులో ఎవరెత్తినా ఒకచోట ఆగిపోతుంది.

ఇక ఫిజియో సంగతి. నేను వెళ్లినచోట కుర్రాడు మొదటిరోజు మిషను జోలికే పోలేదు. రెండు చేతులున్న ప్లాస్టిక్ కోణమానిని ఒకటి తీసి, "ఇది మీ సబ్జెక్టే మాష్టారూ" అన్నాడు. దాన్ని గోనియోమీటర్ అంటారు. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి, ముంజేతిని బయటికి తిప్పమన్నాడు. మంచి చెయ్యి 70 డిగ్రీలు దాటింది. పట్టేసినది 15 దగ్గర ఆగిపోయింది. ఈ బయటికి తిరిగే కదలికే అన్నిటికంటే ముందు పోతుందని, తిరిగి రావడానికీ అదే ఏడిపిస్తుందని చెప్పాడు. ముందుకి ఎత్తితే 90కి కాస్త పైన. అన్నీ కార్డు మీద తారీఖు వేసి రాశాడు. నొప్పి ఇవాళ ఎక్కువ, రేపు తక్కువ, దాన్ని నమ్ముకుంటే టెన్షనే మిగులుతుంది. కోణం అబద్ధం చెప్పదు. మీ అమ్మగారికి ఎవరైనా ఇలా కొలిచారా? కొలవకపోతే ఈసారి అడగండి. "అదెందుకండీ" అంటే అక్కడినుంచి లేచి రావడమే మంచిది.

కరెంటు మోసం అనుకోకండి. ఐఎఫ్‌టీ, టెన్స్ అనే ఆ మిషన్లు నొప్పిని కాసేపు కప్పుతాయి. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు గేట్ కంట్రోల్ సిద్ధాంతం చెప్పారు. చర్మం నుంచి వెళ్లే స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతానికి అడ్డుపడతాయని దాని సారం. దెబ్బ తగిలినచోట మనం రుద్దుకుంటామే, అదీ ఇంతే. అందుకే మీరన్నట్టు ఆ పూట హాయి. బిగుసుకున్న పొరను మాత్రం కరెంటు సాగదీయలేదు. నొప్పి తగ్గిన ఆ కొంచెం సేపట్లో చెయ్యి కదిపించాలి. ప్యాడ్లు పీకేసి "రేపు రండి" అంటే ఆ అవకాశం పోయినట్టే. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు ఈ మిషన్లు పెట్టకూడదు, అదొకటి గుర్తుంచుకోండి.

మా ఫిజియో కుర్రాడు వేడి కాపడం పెట్టి, పడుకోబెట్టి, జబ్బ ఎముక పైభాగాన్ని రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా కిందికి, వెనక్కి జరిపేవాడు. మొబిలైజేషన్ అంటారు. లాగడం కాదు, జరపడమే. ఆ తర్వాత ఇంటికి పని ఇచ్చేవాడు, మేం పిల్లలకి హోంవర్క్ ఇచ్చినట్టే.

ఆ ఇంటి పని వివరంగా చెప్తాను, అసలు సరుకు అదే. ఒకటి, మంచి చేత్తో బల్ల ఆనుకుని ముందుకి వంగి, నొప్పి చెయ్యి వేలాడదీయడం. చేతిని ఊపకూడదు, ఒళ్లు ఊగితే చెయ్యి దానంతటదే ఊగాలి. దీనికి కూడా కోడ్‌మన్ పేరే. రెండోది కర్రతో. వెల్లకిలా పడుకుని, మోచేతి కింద మడత పెట్టిన తువ్వాలు పెట్టి, రెండు చేతులతో కర్ర పట్టుకుని, మంచి చేత్తో నొప్పి చేతిని బయటికి నెట్టాలి. మోచెయ్యి ఒంటి నుంచి దూరం జరిగిందా, చేసిందంతా వృథా. మా ఆవిడ పక్కన కూర్చుని మోచెయ్యి పట్టుకునేది. మూడోది గోడ మీద వేళ్లతో పైకి పాకడం. మా వీధి గది గోడ మీద క్యాలెండరు పక్కన పెన్సిల్ గీతలు, ఒక్కోదాని పక్కన తారీఖు. ఇంట్లో వాళ్లు సున్నం వేయించుదామన్నా నేను పడనివ్వలేదు. కొన్నివారాలు గీత మీద గీత పడిందే తప్ప పైకి జరగలేదు, అలాంటప్పుడే చాలామంది మానేస్తారు. గుమ్మానికి గిలక కట్టి తాడుతో లాగే వ్యాయామం తర్వాత వచ్చింది. వీపు వెనక తువ్వాలు పట్టుకుని లాగేది అన్నిటికన్నా ఆఖర్న. యూట్యూబ్ చూసి దాంతోనే మొదలుపెట్టించకండి.

ఎంత నొప్పి దాకా చెయ్యాలి అంటే, మావాడి లెక్క ఇది: చేసేటప్పుడు సాగుతున్న నొప్పి ఉండొచ్చు, కాసేపట్లో సర్దుకోవాలి. రాత్రి నిద్ర చెడితే మర్నాడు తగ్గించాలి. మొదటి నెలల్లో, అంటే నొప్పి మండిపోయే దశలో, పళ్లు బిగించి చేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. నెదర్లాండ్స్‌లో 77 మంది మీద చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, నొప్పి హద్దు దాటకుండా కదిలించుకున్నవాళ్లే గట్టిగా సాగదీయించుకున్నవాళ్లకన్నా రెండేళ్లకు మెరుగ్గా ఉన్నారు. నొప్పి తగ్గి బిగుసుకోవడం మాత్రమే మిగిలిన దశలో జోరు పెంచుకోవచ్చు.

నూనె లాగుడాయన సంగతి దీన్నిబట్టే తేలిపోయింది కదా. నూనె రాయించుకుంటే రాయించుకోండి, లాగనివ్వకండి. ఆ వయసు ఆడవాళ్ల ఎముకలు బోలుగా ఉండొచ్చు, ఒక్క గుంజుకి విరిగిన సందర్భాలు ఉంటాయి.

ఒక సరదా సంగతి. మన శ్రీకాకుళం జిల్లాలో, కర్ణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన దగ్గర్నుంచి, బరువులెత్తే పిల్లలకు కొదవలేదు. ఆమెది మా పక్క ఊసవానిపేటే. ఫిజియో సెంటర్లో నా పక్క బల్ల మీద అలాంటి కుర్రాడొకడు, వాడిదీ భుజం నొప్పే. వాడిచేత డంబెల్ ఎత్తిస్తున్నారు, నాకు ఖాళీ కర్ర. అదేం న్యాయం బాబూ అంటే, వాడిది కండర బంధనం అలిసిపోయిన నొప్పి, దానికి కొద్దికొద్దిగా పెంచే బరువే వైద్యం అన్నాడు మా ఫిజియో. కాబట్టి పక్కింటావిడకి పనిచేసిన వ్యాయామం అమ్మగారికి చేయించకండి.

ఇప్పుడు మీ ఊరికి సంబంధించిన ముఖ్యమైన మాట. మీది ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ప్రాంతం. నొప్పి మాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేస్తున్నారేమో, ఆపండి. డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీల మీద భారం, అందులో షుగర్ కూడా ఉంది. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతుందో చూపించకుండా ఒక్క నొప్పి మాత్ర కూడా వద్దు. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ ఆసుపత్రి మీకు దగ్గరే. మాత్రలు ఇష్టారాజ్యంగా వాడలేని మనలాంటి చోట వ్యాయామం విలువ ఇంకా ఎక్కువ.

కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ అంటే భయపడొద్దు, మొదటి దశలో నొప్పికి బాగా పనిచేస్తుంది. కొన్నిరోజులు షుగర్ పెరుగుతుంది, చూసుకోవాలి. ఆపరేషన్ అని ఎవరైనా తొందరపెడితే మాత్రం ఆగండి. బ్రిటన్‌లో 503 మంది మీద చేసి 2020లో వెల్లడించిన పరిశోధనలో, మత్తిచ్చి చెయ్యి తిప్పడం, చిన్న రంధ్రాలు పెట్టి చేసే కీహోల్ ఆపరేషన్, ఇంజెక్షన్‌తో కలిపి ఫిజియోథెరపీ, మూడింటికీ ఏడాది తర్వాత చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు.

ఎంతకాలం అంటే, ఏడాది నుంచి మూడేళ్లు పట్టొచ్చు. షుగర్ అదుపులో లేనివాళ్లకు ఇంకా నెమ్మది. నాకు ముందుకి ఎత్తే కోణం దాదాపు పూర్తిగా వచ్చింది, వీపు వెనక్కి ఇప్పటికీ కొంచెం వెలితే.

కిందపడ్డాక చెయ్యి లేవకపోయినా, జ్వరంతో కీలు వాచినా, చెయ్యి తిమ్మిరెక్కి పట్టు పోతున్నా ఇవేవీ చెయ్యకుండా డాక్టరుకే చూపించండి. భుజం నొప్పితో పాటు గుండె బరువు, చెమటలు ఉంటే అది భుజం సంగతే కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పని మానిపించక్కర్లేదు. పప్పు గంప ఒడికి దగ్గరగా, మోచెయ్యి ఒంటికి ఆనేలా పెట్టుకుని కూర్చోమనండి. గంటకోసారి లేచి, పైన చెప్పినట్టు చెయ్యి వేలాడదీసి ఒళ్లు ఊపితే చాలు. కాపడం పెట్టేటప్పుడు షుగర్ వల్ల స్పర్శ తగ్గి ఉంటే చర్మం కాలినా తెలియదు, అందుకని వేడి ఎంతుందో ముందు మీ చేతి మీద చూసి పెట్టండి. డబ్బుకి ఇబ్బందైతే శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ తీసుకుని ఫిజియో విభాగం అడగండి. వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రే, షుగర్ రిపోర్టు, క్రియాటినిన్ రిపోర్టు మూడూ పట్టుకెళ్లండి.