'తన' దగ్గర మొదలుపెట్టండి, రూల్ దగ్గర కాదు

తొమ్మిదో తరగతికి ప్రోనౌన్ అగ్రిమెంట్ (హీ, షీ, దే లాంటి మాట అది ఎవరి బదులు వచ్చిందో ఆ పేరుకు సరిపోవడం) మూడుసార్లు చెప్పానన్నారు మీరు. ఖాళీలిస్తే సరిగ్గానే నింపుతున్నారు, సొంతంగా పేరాగ్రాఫ్ రాయమంటే హీ, షీ, దే అన్నీ కలగాపులగం చేస్తున్నారు, ఏం చేయాలని అడిగారు. నాదీ అదే కథ. హన్మకొండ పక్కన ఒక జడ్పీ హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్తాను. మొదట్లో నేనూ బోర్డు మీద రూల్స్ రాయించి, పిల్లలు గడగడా అప్పజెప్తుంటే సంబరపడ్డవాణ్ణే.

ఒకరోజు ఒక పిల్లవాడు 'రవి లవ్స్ హర్ సిస్టర్' అని రాశాడు. 'హర్' కొట్టేసి 'హిజ్' అని దిద్దాను. వాడు నోట్‌బుక్ పట్టుకుని నేరుగా నా టేబుల్ దగ్గరికొచ్చాడు.

"సార్, అక్క ఆడమనిషే గదా, హర్ అనే రాయాలె గదా?"

"ఆ అక్క ఎవరికి అక్కరా?"

"రవికి."

"రవి ఎవరు?"

"మొగపిల్లగాడు." కాసేపు నోట్‌బుక్కే చూసి, "అంటే అక్కను చూడొద్దా సార్?" అన్నాడు.

వాడి లెక్కలో వాడు రాసింది కరెక్టే. తెలుగులో 'రవి తన అక్కను', 'లత తన అన్నను' అంటాం. రవైనా లతైనా 'తన' మారదు. కాబట్టి అక్కడ ఆగి, ఆ అక్క ఎవరి అక్క అని వెనక్కి చూసే పని మన పిల్లలకు ఎప్పుడూ పడలేదు. ఇంగ్లిష్‌కి వచ్చేసరికి పక్కనే కనబడే 'సిస్టర్'ను పట్టుకుంటారు. అందుకే ఇప్పుడు ముందు తెలుగు వాక్యం రాసి 'తన' కింద గీత గీయిస్తాను. ఎవరి? అని అడుగుతాను. తర్వాత కింద ఇంగ్లిష్ వాక్యం రాసి, ప్రోనౌన్ నుంచి అది ఎవరి బదులు వచ్చిందో ఆ పేరు దాకా చాక్‌పీసుతో బాణం గీయిస్తాను. బాణం వెనక్కి పోవాలి, పక్కమాట మీద వాలకూడదు. (ప్రోనౌన్ ముందొచ్చి పేరు తర్వాతొచ్చే వాక్యాలూ ఉంటాయి. వాటిని ఇప్పుడే ముట్టుకోకండి.)

రెండో చిక్కు మర్యాద. 'అవర్ హెడ్మాస్టర్ ఈజ్ స్ట్రిక్ట్. దే కమ్ ఎర్లీ' అని రాస్తారు. ఎందుకురా అంటే, "సార్‌ను హీ అంటే వాడు అన్నట్టుంటది" అన్నారు. పాపం, అందులో తప్పేముంది! సార్ 'వస్తారు' అనే ఇంట్లోనూ నేర్పాం. బోర్డు మీద వాడు, అతను, ఆయన అని మూడూ రాసి, మూడింటికీ ఎదురుగా ఒకే 'హీ' రాస్తాను. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారైనా ఇంగ్లిష్‌లో 'షీ'నే అని చెప్తే అందరూ నవ్వుతారు, కానీ గుర్తుంటుంది.

'ఎవ్రీవన్' దగ్గర మాత్రం నేనే బోల్తా పడ్డాను. 'ఎవ్రీవన్ బ్రాట్ దేర్ లంచ్ బాక్స్' అని రాసిన అమ్మాయికి మార్కు కోసి 'హిజ్' అని దిద్దాను. "మా క్లాసుల ఆడపిల్లలం గూడ ఉన్నం గదా సార్, హిజ్ ఎట్లయితది?" అంది. సమాధానం దొరకలేదు, మార్కు వేశాను. నిజానికి ఇంగ్లిష్‌లో ఒక్కరికి 'దే' వాడటం 14వ శతాబ్దం నుంచే ఉంది. పరిశోధన వ్యాసాలు ఎలా రాయాలో చెప్పే ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) మాన్యువల్, 2019లో వచ్చిన ఏడో ఎడిషన్ కూడా దాన్ని ఒప్పుకుంది. మనకిది కొత్తేం కాదు. 'ఎవరో గొడుగు మర్చిపోయారు' అన్నప్పుడు మర్చిపోయింది ఒక్కరే కదా. అయితే పేపర్ దిద్దేవాళ్లు ఎలాంటివాళ్లో తెలియదు కాబట్టి, పరీక్షలో 'ఆల్ ది స్టూడెంట్స్' అని బహువచనం చేసేసి 'దేర్' రాయమంటాను. గొడవే ఉండదు.

'ఈచ్ ఆఫ్ ది బాయ్స్' దగ్గర 'ఆఫ్ ది బాయ్స్'ను వేలితో మూసి చదవమనండి, మిగిలిన 'ఈచ్' ఏకవచనమని వాళ్లకే కనబడుతుంది, చాలు. కబడ్డీ టీమ్‌కు 'ఇట్స్' రాసినా 'దేర్' రాసినా పేరా అంతా ఒకటే ఉంచమనండి. దానిమీద పీరియడ్ వృథా చేయకండి.

అన్నిటికంటే పనికొచ్చింది మేడారం. జాతర మీద పేరాగ్రాఫ్ రాయమన్నాను. 'సారలమ్మ కేమ్ ఫ్రమ్ కన్నెపల్లి అండ్ సమ్మక్క కేమ్ ఫ్రమ్ చిలకలగుట్ట. పీపుల్ వెల్‌కమ్డ్ హర్ విత్ డ్రమ్స్' అని ఒకరు రాశారు. 'హర్' ఆడవాళ్లకే, ఏకవచనమే, రూల్ ప్రకారం తప్పు లేదు. బాణం ఎటు గీయాలో మాత్రం ఎవరికీ తెలియలేదు. సమ్మక్కకే అని సగం క్లాసు, ఇద్దరికీ డప్పులు కొడతారు కాబట్టి 'దెమ్' అని సగం క్లాసు. గంట కొట్టినా ఆగలేదు. చివరికి రాసినవాడే లేచి, "నేను రాసింది సమ్మక్క గురించే సార్" అని 'హర్' కొట్టేసి పేరు రాసుకున్నాడు. అప్పటి నుంచి రాసిన పేరా పక్కవాళ్లకిచ్చి పెన్సిల్‌తో బాణాలు గీయిస్తున్నాను. బాణం ఎటూ పోని చోట సున్నా చుడతారు. సున్నా చుట్టిన చోట రాసినవాళ్లే దిద్దుకోవాలి, నేను దిద్దను.