మార్కులు 95 శాతం ఉన్నా సమ్మర్ ప్రోగ్రాంలో సీటు రాకపోతే

స్కూలు పిల్లల కోసం సెలవుల్లో నడిపే ఇంజనీరింగ్ సమ్మర్ ప్రోగ్రాంలకి మీ బాబు అప్లై చేస్తే, 95 శాతం మార్కులున్నా రెండు చోట్లా రిజెక్ట్ అయిందని, ఎందుకని అడిగారు కదా. కారణం మార్కులు కాదండీ, చాలావరకు టీచర్ ఇచ్చిన రికమండేషన్ లెటరే అయ్యుంటుంది. ఇంజనీరింగ్ సమ్మర్ ప్రోగ్రాంకి అప్లై చేసే పిల్లల్లో చాలామందికి ఆ 95 శాతం ఉంటుంది, అందుకే సెలెక్ట్ చేసేవాళ్ళు ఎస్సేలోనూ లెటర్లోనూ తేడా వెతుకుతారు.

1. అందరూ వదిలేసేది ఇదే: లెటర్ అడిగేటప్పుడు టీచర్ చేతికి ఒక పేజీ నోట్ ఇవ్వాలి. అందులో బాబు ఏం చేశాడో రాయాలి, బిరుదులు కాదు. పాత రేడియో విప్పాడు, మూడుసార్లు టంకం పెట్టినా మోగలేదు, నాలుగోసారి లూజు వైరు దొరికింది, అలా. టీచర్‌కి అంతమంది పిల్లల్లో ఇవన్నీ గుర్తుండవు కదా, నోట్ లేకపోతే పాపం "క్రమశిక్షణ గల విద్యార్థి" అనే రాస్తారు, దాంతో సీటు రావడం కష్టం.

2. కనీసం మూడు నాలుగు వారాల ముందే అడగండి, ఆ సబ్జెక్ట్ చెప్పే టీచర్నే అడగండి, ప్రిన్సిపాల్ సంతకం ఉంటే బరువు అనుకోవద్దు, బాబుని దగ్గర్నించి చూసినవాళ్ళ మాటకే విలువ.

3. ఎస్సే బాబే రాయాలి. మీరు దిద్దితే స్పెల్లింగ్ వరకే, పెద్దవాళ్ళ వాక్యాలు ఇట్టే తెలిసిపోతాయి.

4. వయసు ఏ తేదీకి లెక్కేస్తారో చూడండి, కొన్నిట్లో ప్రోగ్రాం మొదలయ్యే రోజుకి 16 నిండాలి.

ఫీజు కట్టిన ప్రతివాళ్ళనీ తీసుకునే ప్రోగ్రాంలూ ఉంటాయి. నేర్చుకోడానికైతే ఓకే, సెలెక్షన్ గుర్తింపు కోసమైతే వద్దు.