లివర్‌కు పాకినా మందు మొదలుపెట్టకుండా ఎందుకు చూస్తారు? (పసిపిల్లల న్యూరోబ్లాస్టోమా, 4ఎస్ దశ)

రెండున్నర నెలల పాపకు అడ్రినల్ గ్రంథిలో (మూత్రపిండం పైన ఉండేది) న్యూరోబ్లాస్టోమా (ముదరని నరాల కణాల నుంచి పుట్టే క్యాన్సర్), లివర్ నిండా మచ్చలు, చర్మం కింద నీలంగా గడ్డలు. ఇంత పాకినా డాక్టర్లు "కీమో ఇప్పుడే వద్దు, చూద్దాం" అంటున్నారు, నమ్మొచ్చా అని అడిగారు. నమ్మొచ్చు, ఈ వయసులో ఇది చాలాసార్లు దానంతటదే తగ్గిపోతుంది. కాకపోతే ఆ మాట అనే ముందు తేలాల్సినవి రెండున్నాయి.

మొదటిది, ఎక్కడెక్కడికి పాకిందన్నది. ఈ వయసులో ఎంత పాకిందన్న దానికంటే ఇదే ముఖ్యం. లివర్, చర్మం, ఎముక మజ్జ, ఈ మూడు చోట్లే ఉంటే దాన్ని 4ఎస్ అంటారు. 1971లో డాంజియో, ఎవాన్స్, కూప్ అనే వైద్యులు దీన్ని మిగతా నాలుగో దశ నుంచి విడదీసి చూపించారు. చాలాకాలం ఏడాదిలోపు పిల్లలకే ఈ పేరు వాడారు. ఇప్పటి ఐఎన్‌ఆర్‌జీ అనే అంతర్జాతీయ వర్గీకరణ పద్ధతిలో 18 నెలల లోపు వరకూ వర్తిస్తుంది, పేరు ఎంఎస్. మజ్జలో కణితి కణాలు 10 శాతం దాటకూడదు, ఎంఐబీజీ (కణితి కణాలు పీల్చుకునే రేడియోధార్మిక మందు ఎక్కించి తీసే) స్కాన్‌లో ఎముకలూ మజ్జా వెలగకూడదు. చాలామంది తికమక పడేది ఇక్కడే: మజ్జలో కాసిని కణాలుంటే 4ఎస్సే, గట్టి ఎముకలోకి దిగితే మాత్రం లెక్క మారిపోతుంది. అరుదుగా ఊపిరితిత్తులకో మెదడుకో పాకినా అంతే.

రెండోది ఎంవైసీఎన్ జన్యువు. కణితి కణాల్లో దాని నకళ్లు విపరీతంగా పెరిగి ఉంటే ఎదురుచూడటం అనే మాటే ఉండదు, గట్టి చికిత్స కావాలి. ఈ రిపోర్టు చేతికి రాకుండా "చూద్దాం" అంటే మాత్రం అడిగి తెలుసుకోండి. ముక్క తీయడానికి అన్నిటికన్నా తేలికైన చోటు చర్మం మీది గడ్డే.

ఆ గడ్డలు గట్టిగా ఉంటాయి, చర్మం కింద కదులుతాయి, నొప్పి ఉండదు. వేలితో కాస్త రుద్దితే గడ్డ తెల్లబడి చుట్టూ ఎర్రటి వలయం వస్తుంది, ఆ తెలుపు అరగంటో గంటో నిలుస్తుంది. లోపలి కణాలు వదిలే కేటెకోలమైన్లు (అడ్రినలిన్ లాంటి రసాయనాలు) అక్కడి రక్తనాళాలను బిగించడం వల్ల అలా అవుతుంది. డాక్టరు ఒకసారి చూస్తే చాలు, వచ్చిన చుట్టాలందరూ నొక్కి చూడక్కర్లేదు!

ఎంఐబీజీ స్కాన్‌కు ముందు థైరాయిడ్‌ను కాపాడటానికి అయోడిన్ చుక్కలు ఇస్తారు. పాపకు ఏ మందులు వేస్తున్నారో ముందే అన్నీ చెప్పండి. సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మందు లాంటివి స్కాన్ కోసం ఎక్కించే మందును కణితి పీల్చుకోకుండా అడ్డుకుంటాయి, అప్పుడు కణితి లేనట్టు కనిపించే ప్రమాదం ఉంది. ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్ల కోసం రక్తంలో చూసే ప్రోటీన్) రిపోర్టులో పెద్ద అంకె చూసి హడలిపోవద్దు, పసికందుల్లో అది సహజంగానే ఎక్కువ. మూత్రంలో వీఎంఏ, హెచ్‌వీఏ (కేటెకోలమైన్లు విరిగి మిగిలే పదార్థాలు) అంకెలను క్రియాటినిన్‌తో నిష్పత్తిగానే చూడాలి, లేకపోతే పలచటి మూత్రం వచ్చిన రోజు తగ్గినట్టు మోసం చేస్తుంది.

అసలు భయం పొట్టతో. లివర్ ఉబ్బి ఊపిరితిత్తులను పైకి నెడుతుంది, ఒంటి కింది భాగం నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరనూ మూత్రపిండాలనూ నొక్కుతుంది. రెండు నెలల లోపు పిల్లలకు ఇది రోజుల్లోనే ముదరొచ్చు. తగ్గే ముందు లివర్ కొన్ని వారాలు పెరగడం మామూలే కాబట్టి ఆ వారాల్లోనే కళ్లు తెరుచుకుని ఉండాలి. ఇంట్లో రోజూ ఒకే వేళకు, పాలు పట్టకముందు, బొడ్డు మీదుగా టేపుతో కొలిచి రాయండి. గ్యాస్‌తో అంకె అటూ ఇటూ అవుతుంది కాబట్టి టేపు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. పాప నిద్రలో ఉండగా పూర్తిగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, ఆ తర్వాత ఏడాది దాకా 50కి చేరితే, పక్కలు ఎగరేస్తుంటే, పాలు తాగలేక వదిలేస్తుంటే, డైపర్లు తడవడం తగ్గితే, కాళ్లు వాస్తే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అలాంటప్పుడు కార్బోప్లాటిన్, ఎటోపోసైడ్ లాంటి కీమో మందులు ఒకటి రెండు విడతలు ఇస్తారు, మోతాదు కిలో బరువుకు లెక్కగట్టి. గడ్డనంతా తుడిచేయాలని కాదు, తగ్గడం మొదలైతే ఆపేస్తారు. అది చాలకపోతే లివర్‌కు చాలా తక్కువ రేడియేషన్, ఇంకా తప్పకపోతే పొట్ట గోడ తెరిచి ప్యాచ్ వేసి చోటు కల్పిస్తారు.

ఇబ్బందులేవీ లేకపోతే అల్ట్రాసౌండ్లు మొదట్లో దగ్గర దగ్గరగా, తర్వాత దూరంగా. నెలల మీద కణాలు వాటంతటవే చచ్చిపోవడమో, మామూలు నరాల కణాలుగా ముదరడమో జరుగుతుంది. అడ్రినల్ గడ్డను హడావిడిగా కోసి తీయమని పట్టుబట్టకండి. చాలాసార్లు అదీ మిగతా వాటితో పాటే కరుగుతుంది, ఉబ్బిన లివర్ పక్కన ఈ వయసులో ఆపరేషనే పెద్ద గండం.