చీమకుర్తి కార్యాలయంలో ఫోను మాటలు తెగిపోవడం గురించి

చీమకుర్తిలోని మీ గ్రానైట్ కార్యాలయంలో ఇంటర్నెట్ సంస్థే ఇచ్చిన క్లౌడ్ ఫోన్ వ్యవస్థను (ఇంటర్నెట్ మీదుగా నడిచే ఫోన్లను) పెట్టినప్పటి నుంచి, పలకల ఫొటోలు కొనుగోలుదారులకు పంపే వేళల్లో మాట తెగిపోతోందని రాశారు. లోపం ఫోన్లలో ఉందని నేను అనుకోవడం లేదు. మాటను డిజిటల్ డేటాగా మార్చే జి.711 పద్ధతిలో ఒక కాల్‌కు ఒక్కో దిశలో సెకనుకు సుమారు 90 కిలోబిట్లు చాలు కాబట్టి, మీ ఆరు ఫోన్లు ఒకేసారి మాట్లాడినా ఒక మెగాబిట్ దాటదు. అయితే ఫొటోలు అప్‌లోడ్ దారినంతా ఆక్రమించినప్పుడు, మాటలను మోసే ప్యాకెట్లు (చిన్న డేటా ముక్కలు) రౌటర్‌లో వరుసలో నిలబడి ఆలస్యమవుతాయి. ఆ ఆలస్యం ఒక వైపుకు 150 మిల్లీసెకన్ల లోపు ఉంటేనే సంభాషణ సాఫీగా సాగుతుంది. కనుక రౌటర్‌లో క్యూఓఎస్‌ను (ఏ డేటా ముందు వెళ్లాలో నిర్ణయించే అమరికను) ప్రారంభించి, ఫోన్లకు మొదటి ప్రాధాన్యం ఇచ్చి, అప్‌లోడ్ పరిమితిని అసలు వేగంలో 90 శాతం దగ్గర నిలపండి. ఒంగోలులో మా దుకాణానికి ఇదే సరిపోయింది. ఇది చేయకుండా పెద్ద ప్యాకేజీకి మారడం డబ్బు దండగే.

అవతలివారి మాట అసలు వినిపించని కాల్స్‌కు చాలాసార్లు కారణం రౌటర్‌లోని సిప్ ఏఎల్‌జీ (ఇంటర్నెట్ కాల్స్ సమాచారాన్ని మధ్యలో మార్చే అమరిక). దాన్ని ఆపి చూడండి. కరెంటు పోతే ఈ ఫోన్లూ మూగబోతాయి (రాగి తీగల పాత ల్యాండ్‌లైన్‌కు ఈ బెడద ఉండేది కాదు), అందుచేత ఫైబర్ పెట్టెను, రౌటర్‌ను, ఫోన్లను ఇన్వర్టర్‌కు కలపండి.