అభిప్రాయం రాయబోతే కథే వస్తోంది!

ప్రశ్న: ఈమధ్య ఒక నవల, ఒక కవితా సంపుటి, ‘కన్యాశుల్కం’ చదివాను. అభిప్రాయం రాయబోతే కథ చెప్పడంతోనే సరిపోతోంది. ఎలాగండీ?

జవాబు: కథకు నాలుగు వాక్యాలు చాలు. పుస్తకం మూసేశాక గుర్తుండేది కథే కాబట్టి, చదువుతుండగానే ఏదైనా మనసుకు తట్టి మీరు ఆగిన చోటు, పేజీ నంబరు పెన్సిలుతో రాసుకోండి. నవలలో కథ ఎవరి నోట నడిచిందో చూడండి. కవితను పైకి చదివి, నాలుక తడబడిన పాదాన్ని ఎత్తి చూపండి. నాటకమైతే, చదివింది ఏ కూర్పో ముందు తేల్చుకోవాలి. ‘కన్యాశుల్కం’ 1897 కూర్పులో ఐదంకాలు, 1909 కూర్పులో ఏడు. మొదటిది చదివి మధురవాణి పాత్ర చిన్నదని రాస్తే, రెండోది చదివినవాళ్లు ముక్కున వేలేసుకుంటారు! ‘అద్భుతం’ అన్న మాట కొట్టేసి, అక్కడ పేజీ నంబరు వేయండి.