'అఫెండ్' అంటే నొప్పించడమా, నేరం చేయడమా?

డిక్షనరీలో 'అఫెండ్'కు మనసు నొప్పించడం, నేరం చేయడం అని రెండు అర్థాలూ ఉన్నాయి, ఆఫీసు మెయిల్‌లో 'ఐ అఫెండెడ్ బై యువర్ వర్డ్స్' అని రాయొచ్చా అని అడిగారు. రాయొద్దు. నేను హనుమకొండ కోర్టులో వకీలును. ఈ మాటను రెండు అర్థాల్లోనూ రోజూ వింటాను, రాస్తాను.

ముందు మీ వాక్యం సంగతి. మనం 'వాడి మాటకు నేను అఫెండ్ అయిన' అంటాం. ఆ 'అయిన' ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు 'వజ్' అన్న ముక్క జారిపోతుంది. 'ఐ వజ్ అఫెండెడ్' అంటే నొచ్చుకున్నది మీరు. 'ఐ అఫెండెడ్' అంటే నొప్పించింది మీరు. ఎవరినో చెప్పకుండా అక్కడే ఆపేస్తే, నేరం చేసింది మీరేనన్న అర్థం కూడా వస్తుంది.

పరకాల వైపు నుంచి ఒక పెద్దమనిషి, పోలీసులకు ఇద్దామని ఇంగ్లీషులో టైపు చేయించిన దరఖాస్తు తెచ్చారు. బావమరిది 'యాన్ అఫెన్స్' చేశాడని అందులో ఉంది. కాగితం పక్కన పెట్టి "అసలేమైందో చెప్పు కాకా" అన్నాను. "ఇంటి అల్లున్ని సార్. వాని బిడ్డ పెండ్లికి బొట్టు పెట్టి పిలువలే, ఫోన్ల చెప్పి ఊకున్నడు. నలుగుట్ల నా ఇజ్జత్ పోయింది" అన్నారు. ఆయన బాధ నిజమైనదే. మన దగ్గర ఇంటి అల్లుణ్ని అట్లా పిలిస్తే ఎవరికైనా మనసుకు కష్టమవుతుంది. కానీ ఆయనది 'టేక్ అఫెన్స్', అంటే నొచ్చుకోవడం. కాగితంలో ఉన్నది 'కమిట్ యాన్ అఫెన్స్', అంటే నేరం చేయడం. నొచ్చుకోవడం అన్న అర్థంలో ముందు 'యాన్' రాదు, ఇది గుర్తుపెట్టుకోండి. స్టేషన్‌కు పోవద్దని, ఇంటి పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడుకోమని చెప్పి పంపాను.

చట్టంలో అఫెన్స్ అంటే శిక్ష పడే పని. 1860 నాటి శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. ఎవరైనా నొచ్చుకున్నంత మాత్రాన దాని కింద నేరం కాదు. గొడవకు దిగేలా రెచ్చగొట్టాలని కావాలనే అవమానిస్తే 352వ సెక్షన్ ఉంది. మతవిశ్వాసాల మీద దురుద్దేశంతో, కావాలని దాడి చేస్తే 299 ఉంది. ఇది పాత శిక్షాస్మృతిలో 1927లో చేర్చిన 295ఏ సెక్షనే. రెంటిలోనూ కోర్టు ముందు చూసేది అన్నవాడి ఉద్దేశాన్ని. అట్లాగే ఎస్సీ, ఎస్టీ వ్యక్తిని ఆ వర్గాలకు చెందనివాడు నలుగురి ముందు కించపరచాలని అవమానిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. అలాంటి కేసుల్లో కూడా 'ఏదో ఫీల్ అయిండు లే' అని తేలిక చేసేవాళ్లను చూస్తుంటాను. చాలా కోపం వస్తుంది. అది ఫీల్ అవడం కాదు, అవతలివాడు చేసిన నేరం.

'అఫెండర్' అనే మాటతో ఇంకా జాగ్రత్త. అది దాదాపు ఎప్పుడూ నేరస్థుడనే అర్థంలోనే వస్తుంది. మొదటిసారి తప్పు చేసినవాళ్లకు కోర్టులో ఎక్కువగా ఉపయోగపడే 1958 నాటి చట్టం పేరు ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ యాక్ట్. మిమ్మల్ని ఒక మాట అన్న మేనేజర్‌ను అఫెండర్ అనకండి.

ఈ మాటకు లాటిన్ మూలంలో తగలడం, కొట్టడం అని అర్థం. మనం 'మనోభావాలు దెబ్బతిన్నాయి' అంటాం కదా, అక్కడా దెబ్బే. అందుకే సైన్యం చేసే దాడిని కూడా 'అఫెన్సివ్' అంటారు. అదే మాట విశేషణంగా వస్తే కించపరిచే మాటకో, భరించలేని వాసనకో వాడతారు. స్పెల్లింగ్‌లో 'అఫెన్స్' చివర బ్రిటిష్ వాళ్లు 'సీ', అమెరికన్లు 'ఎస్' రాస్తారు. మన కోర్టు కాగితాల్లో 'సీ'నే.

'నో అఫెన్స్' అంటే మన 'ఏమనుకోవద్దు'. మాట మెత్తగా ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. ఆ తర్వాత ఎదుటివాళ్ల ఊరినో, యాసనో, కులాన్నో తక్కువ చేస్తే ముందు ఏమన్నా వాళ్లు నొచ్చుకుంటారు.

మీ మెయిల్‌లో 'ఐ వజ్ హర్ట్ బై దట్ రిమార్క్' అని రాయండి. 'హర్ట్' బాధపడ్డానని చెబుతుంది. 'అఫెండెడ్' అంటే నాకు మర్యాద ఇవ్వలేదన్న ఫిర్యాదు కూడా అందులో ఉంటుంది. నిజంగా అదే మీ ఫిర్యాదైతే 'ఐ వజ్ అఫెండెడ్' అనే రాయండి, ఏ మాట అన్నారో, ఎవరి ముందు అన్నారో కింద ఒక లైన్లో చేర్చండి.