పిల్లల డాక్టర్‌కి ఉత్తరాలు: పళ్లెం పట్టుకుని వెంటపడకండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి మొన్ననే నాలుగేళ్లు నిండాయి. ఎల్‌కేజీ. బరువు 15 కిలోలు, ఎత్తు 101 సెంటీమీటర్లు. ఫోన్ చేతికిస్తేనే నోరు తెరుస్తాడు. లేకపోతే ముద్ద బుగ్గన పెట్టుకుని అరగంటైనా మింగడు. మా అత్తయ్యగారు పళ్లెం పట్టుకుని హాల్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి బెడ్‌రూమ్‌కి వాడి వెనకే తిరుగుతారు. అన్నం తినట్లేదని పొద్దున, స్కూల్ నుంచి రాగానే, పడుకునే ముందు ఒక్కో సీసా పాలు పౌడర్ కలిపి పడుతున్నాం. ఎదురు ఫ్లాట్ బాబు వీడి ఈడువాడే, 20 కిలోలు ఉన్నాడు. ఇంటికి ఎవరొచ్చినా ‘పిల్లాడు చిక్కిపోయాడేం?’ అంటుంటే టెన్షన్ తట్టుకోలేకపోతున్నాను. మా వాచ్‌మన్ పిల్లలు సాయంత్రమంతా కింద ఆడతారు, పచ్చడన్నం పెట్టినా పళ్లెం ఖాళీ చేస్తారు. దెబ్బలు తగులుతాయని అత్తయ్యగారు వీణ్ణి కిందికి పంపరు. ఆకలి పెరగడానికి సిరప్ ఏదైనా రాయండి.
– ఓ తల్లి, మియాపూర్

జవాబు: అమ్మా, మీరడిగిన సిరప్ మీ ఉత్తరంలోనే ఉంది, వాచ్‌మన్ పిల్లల గురించి రాసిన ఆ వాక్యంలో. ముందు బరువు సంగతి చూద్దాం, మీ నిద్ర పాడుచేస్తున్నది అదే కాబట్టి.

మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాది నిండేసరికి తొమ్మిది కిలోలవుతుంది. అంటే మూడింతలు. రెండో ఏడూ అదే జోరుగా పెరిగితే 27 కిలోలుండాలి! అందుకే ఏడాది దాటాక పెరుగుదల నెమ్మదిస్తుంది, దాంతోపాటే ఆకలీ తగ్గుతుంది. రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా ఏడాదికి సుమారు రెండు కిలోలు పెరిగితే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో నాలుగేళ్ల మగపిల్లలకి మధ్య గీత 16.3 కిలోల దగ్గర ఉంటుంది. మీవాడి 15 కిలోలు దానికి కాస్త కింద, మామూలు హద్దుల్లోనే ఉంది. టీకాల కార్డు తీసి, పోయిన పుట్టినరోజు నాటి బరువు చూడండి. 13 దగ్గర ఉంటే వాడు తన గీతలో తాను చక్కగా నడుస్తున్నట్టే. ఎదురింటి బాబుతో పోల్చకండి, వాడి గీత వాడిది. ఆ కార్డు మీ అత్తయ్యగారికీ చూపించండి. ఆవిడ బెంగ కూడా నిజమైనదే. వాదిస్తే తగ్గదు, అంకె కళ్లారా చూస్తే తగ్గుతుంది.

ఇక ఫోన్. ఇది నా ఇంట్లో జరిగింది కాబట్టి చెబుతున్నాను. మా అమ్మాయికి మూడేళ్లప్పుడు నేను డ్యూటీ నుంచి అలసిపోయి వచ్చి, టీవీలో యాడ్స్ పెట్టి ఇడ్లీ తినిపించేదాన్ని. నాలుగు ఇడ్లీలు చకచకా లోపలికి పోయేవి. ఒకరోజు సగంలో కరెంటు పోయింది. పిల్ల నోరు తెరుచుకునే ఉంది. చీకట్లో నా చెయ్యి పెదాలకి తగలగానే ఉలిక్కిపడి గుక్కపెట్టి ఏడ్చింది. అప్పటిదాకా తను తింటున్నట్టే దానికి తెలీదు! ఆకలైందో, కడుపు నిండిందో తెలుసుకునే జ్ఞానం పిల్లలకి పుట్టుకతోనే వస్తుంది. దాన్ని నేనే నా చేత్తో చెరిపేస్తున్నానని ఆ రాత్రి అర్థమైంది. 30 ఏళ్ల నుంచి రాజమండ్రిలో పిల్లల్ని చూస్తున్నాను. బుగ్గన ముద్ద పెట్టుకునే పిల్లల్లో చాలామంది ‘నాకు చాలు’ అని చెబుతున్నవాళ్లే.

మీవాడి ఆకలిని చంపుతున్నది పాలు. సీసా పావు లీటరు అనుకున్నా రోజుకి ముప్పావు లీటరు. ఈ వయసుకి 400 మిల్లీలీటర్లు దాటనక్కర్లేదు. పాలల్లో ఐరన్ చాలా తక్కువ. కడుపు పాలతో నిండిపోతే పప్పు, ఆకుకూర, గుడ్డు లోపలికెళ్లవు, రక్తం తగ్గుతుంది. రక్తం తగ్గితే ఆకలి ఇంకా మందగిస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. కాబట్టి ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 11 కన్నా తక్కువుంటే మీ డాక్టర్ ఐరన్ మందు రాస్తారు. ఇప్పుడు వాడికి ఏదైనా సిరప్ అవసరం పడితే అది ఒక్కటే. సీసా మాత్రం ఈ వారమే తీసేయండి, పడుకునే ముందుదైతే ఇవాళే. పళ్లు పుచ్చిపోతాయి. పాలు గ్లాసులో, టిఫిన్ అయ్యాక, పంచదారా పౌడరూ లేకుండా ఇవ్వండి.

స్కూల్ నుంచి రాగానే అరటిపండో, ఉడకబెట్టిన పల్లీలు మెదిపో పెట్టి కిందికి పంపండి. గంటసేపు. అవును, ఆ వాచ్‌మన్ పిల్లలతోనే. ఈ వయసులో రోజుకి మూడు గంటలు ఒళ్లు కదలాలనీ, అందులో ఒక గంటైనా రొప్పు వచ్చేలా ఆడాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. దాగుడుమూతలు, ముట్టుకునే ఆట, ఏడుపెంకులాట, ఏదైనా సరే. మోకాలు గీసుకుంటే సబ్బునీళ్లతో కడగండి. సెల్లార్‌లో కార్లు రివర్స్ చేసేచోట మాత్రం వద్దు, అక్కడ పెద్దవాళ్లు ఒకరు నిలబడాల్సిందే. కింద కూర్చుని కబుర్లాడుకోవచ్చని అత్తయ్యగారికి చెప్పండి, ఆవిడా వస్తారు.

ఆడొచ్చాక కాళ్లూ చేతులూ కడిగి, నేలమీద పాత దుప్పటి పరిచి, అందరూ కలిసి కూర్చోండి. చిన్న పళ్లెంలో గుప్పెడన్నం, తోటకూర పప్పు, కాస్త నెయ్యి, రెండు చుక్కలు నిమ్మరసం. పప్పులోని ఐరన్ ఒంటికి పట్టడానికి ఆ పులుపు సాయం చేస్తుంది. వాడి చేత్తో వాణ్ణే తిననివ్వండి. మోచేతిదాకా పూసుకుంటాడు, మణికట్టు నాకుతాడు, సగం దుప్పటి మీద పోస్తాడు. పోయనివ్వండి. ఏం పెట్టాలో మీ ఇష్టం, ఎంత తినాలో వాడి ఇష్టం. అరగంటకి పళ్లెం తీసేయండి, తిట్టకుండా, బతిమాలకుండా. మొదటి మూడు నాలుగు రోజులు నాలుగు మెతుకులే తిని లేచిపోతాడు. ఆ రోజుల్లో జాలిపడి బిస్కెట్ ఇచ్చారో, మళ్లీ మొదటికి వస్తుంది.

మూడు నెలలుగా బరువు పెరగకపోయినా, తగ్గినా, మాటిమాటికీ విరేచనాలైనా, సుద్దముక్కలు, మట్టి తింటున్నా, నాలుగడుగులు పరిగెత్తి కూలబడుతున్నా ఆలస్యం చేయకుండా చూపించండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, మూడేళ్ల మనవరాలు పగలంతా మా దగ్గరే ఉంటుంది. నాకు మోకాళ్ల నొప్పులు, దాని వెనక పరిగెత్తలేను. అందుకే టీవీ పెట్టేస్తున్నాను. తప్పేనా?
– ఓ తాతయ్య, తెనాలి

జవాబు: బాబాయిగారూ, టీవీ రోజు మొత్తంలో గంట దాటనివ్వకండి, ఆ గంటా మీరు పక్కనుండి చూడండి. మీరు పరిగెత్తక్కర్లేదు. కుర్చీలో కూర్చుని బంతి దొర్లించండి, పాప తెచ్చిస్తుంది. ఇరవైసార్లు తెస్తుంది, విసుగు మీకే వస్తుంది గానీ దానికి రాదు. ఆరేసిన బట్టల క్లిప్పులు అందించమనండి, చిన్న చెంబుతో మొక్కలకి నీళ్లు పోయమనండి. బియ్యపు డబ్బా దగ్గరికి గ్లాసుతో పంపండి. మధ్యాహ్నం కునుకుతో కలిపి పదకొండు, పన్నెండు గంటలు నిద్ర ఉండాలి. సాయంత్రం ఎండ తగ్గాక వీధి చివరి కొట్టుదాకా మీ వేలు పట్టుకుని నడిపించండి. మీ నడక, దాని నడక ఇంచుమించు ఒకటే వేగం.